కార్ల రేసు ఎలా చూడాలి? ఓనమాలు రానివాళ్లకి ఎవరైనా చెప్పండి

#1 గాజువాక_పద్మజ

అందరికీ నమస్కారం అండీ. ఇక్కడ వంటల సెక్షన్ తప్ప ఇటువైపు ఎప్పుడూ రాలేదు, తప్పు చోట పెట్టుంటే మోడరేటర్ గారు జరిపేయండి. మా పెద్దోడు తొమ్మిదో తరగతి. వాడికి ఈ ఫార్ములా వన్ పిచ్చి పట్టుకుంది, ఆదివారం సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి రిమోట్ ఎవరికీ ఇవ్వడు, కొన్ని రేసులైతే అర్ధరాత్రి పన్నెండున్నరకి, పొద్దున్నే స్కూలుందిరా అంటే వింటేగా. తిట్టి తిట్టి విసుగొచ్చి సరే వాడితోపాటే కూర్చుందాం అని మొన్న ఓ గంట కూర్చున్నా. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఒకడు మొదట్నుంచీ అందరికన్నా ముందు పోతున్నాడు, బానే పోతున్నాడు, ఇంతలో ఉన్నట్టుండి పక్కకి తిరిగి షెడ్డులోకి పోయాడు, బయటికొచ్చేసరికి ఎనిమిదోవాడయ్యాడు. మావాడేమో చప్పట్లు! ఎనిమిదో ప్లేసుకి పడిపోతే సంతోషమేంట్రా అంటే "అమ్మా, ఇప్పుడు నిజంగా ముందున్నది వాడే, నీకు తెలీదులే" అన్నాడు. ఆ "నీకు తెలీదులే" దగ్గరే నాకు కాలింది. నాకు స్కూటీ తప్ప ఏదీ నడపడం రాదు, అది దృష్టిలో పెట్టుకుని చెప్పండి ప్లీజ్.

#2 నెల్లూరు_జెండా

అమ్మా, మీ పిలగాడు కరెక్టే చెప్పినాడు. నేను చెన్నైలో ఉద్యోగం, శ్రీపెరంబుదూరు దగ్గర ట్రాక్‌లో రేసులప్పుడు మార్షల్‌గా పోతా ఉంటా, అంటే జెండాలు ఊపే పని, జీతం గీతం ఏం లేదు, సరదాకే. తెలిసినంత చెప్తా.

మీరు షెడ్డు అన్నారే, దాన్ని పిట్ అంటారు. దాని ముందుండే సన్న రోడ్డు పిట్ లేన్. ఎఫ్1లో వాన లేని రేసయితే ప్రతి డ్రైవరూ కనీసం రెండు రకాల టైర్లు వాడి తీరాల. అంటే ఒక్కసారన్నా లోపలికి పోయి టైర్లు మార్చుకోక తప్పదు. నాలుగు చక్రాలూ మార్చేదానికి పట్టేది రెండు, రెండున్నర సెకన్లే (2023లో ఖతర్‌లో మెక్‌లారెన్ వాళ్లు 1.80 సెకన్లలో మార్చినారు, మనం ఇంకా స్టెప్నీ నట్టు వెతుక్కుంటా ఉంటాం ఆ టైముకి). కానీ అసలు నష్టం అక్కడ కాదు. పిట్ లేన్‌లో 80 దాటకూడదు. పక్కన మెయిన్ ట్రాక్ మీద మిగతావాళ్లు 300లో పోతా ఉంటారు. టోల్‌గేట్ దగ్గర మనం పాకతా ఉంటే పక్క రోడ్డు మీద లారీలన్నీ దాటిపోయినట్టు. మొత్తం మీద చాలా ట్రాకుల్లో ఒకసారి పిట్‌కి పోయొస్తే 20 సెకన్లు అటూఇటుగా పోతాది.

ఈ 20 సెకన్లని బాకీ అనుకోండి. రేసు మొదలయ్యేటప్పటికి అందరి నెత్తినా బాకీ ఉండాది. మీరు చూసినోడు ముందే పోయి తీర్చేసినాడు. వాడికన్నా ముందు కనిపిస్తా ఉండే ఏడుగురికీ ఇంకా తీర్చాల్సింది ఉండాది. టీవీలో ఎడమపక్క పేర్ల వరస ఉంటాదే, అది పైకి కనపడే ఆస్తి మాత్రమే. అందరూ బాకీలు కట్టేదాకా ఎవరు ముందో దాన్ని చూసి చెప్పలేరు.

#3 గాజువాక_పద్మజ

అమ్మయ్య! ఈ ఒక్క ముక్క వాడు చెప్పుంటే సరిపోయేది కదా. మరి తీర్చాల్సిందే అయినప్పుడు అందరూ ఒకేసారి వెళ్లొచ్చుగా? ముందెళ్తే లాభమా, ఆఖర్న వెళ్తే లాభమా?

#4 నెల్లూరు_జెండా

అదే కదా ఆట! టైరు అరిగే కొద్దీ కారు నెమ్మదిస్తాది. ఇద్దరు ఒకరెనకాల ఒకరు పోతా ఉండారు, మధ్యలో ఒకటిన్నర సెకను. ఇద్దరివీ అరిగిన టైర్లే, వెనకోడికి దాటే దారి దొరకడం లేదు. వాడేం చేస్తాడంటే ముందు తనే పిట్‌కి పోతాడు. కొత్త టైర్లతో బయటికొచ్చి ఆ ఒక్క రౌండు ప్రాణం పెట్టి తోల్తాడు, అరిగిన టైర్ల మీద పోయేవాడికన్నా రౌండుకి రెండు సెకన్లు మిగుల్తాయనుకోండి. ముందోడు తర్వాత రౌండులో పోయి మార్చుకుని వచ్చేసరికి వెనకోడు అర సెకను ముందు ఉంటాడు. రోడ్డు మీద దాటిందే లేదు, లెక్కల్లో దాటేసినాడు. దీన్ని అండర్‌కట్ అంటారు. కొన్ని ట్రాకుల్లో టైరు అంతగా అరగదు, కొత్త టైరు వేడెక్కేదానికే టైము పడతాది, అక్కడ ఆఖర్న పోయేదే లాభం, దాన్ని ఓవర్‌కట్ అంటారు.

ఇంకో తమాషా చెప్తా. ఎవడన్నా గోడకి కొట్టుకుంటే సేఫ్టీ కారు అని ఒకటి వచ్చి అందరి ముందూ నెమ్మదిగా పోతాది, దాన్ని దాటకూడదు, అందరూ వరసగా దాని వెనకే. మెయిన్ ట్రాక్ మీద కూడా నెమ్మదిగానే పోతా ఉంటారు కాబట్టి అప్పుడు పిట్‌కి పోతే నష్టం సగానికి సగం తగ్గిపోతాది. అంటే రుణమాఫీ! రెండు రౌండ్ల ముందే నిజాయితీగా మొత్తం కట్టేసినోడు నోట్లో మట్టి. ఈ సంగతి మన రైతులకి ఎవరూ చెప్పక్కర్లేదు.

#5 కడప_సుబ్బు

రుణమాఫీ అంటే గుర్తొచ్చె, 2021 అబుదాబి. ఆఖరి రేసు, హామిల్టన్, వెర్‌స్టాపెన్ ఇద్దరికీ సమానంగా పాయింట్లు, ఎవడు ముందుంటే వాడిదే కప్పు. 58 రౌండ్లు. హామిల్టన్ నిమ్మళంగా ముందు పోతాండాడు. ఇంకా ఐదు రౌండ్లుండాయనంగా ఎవడో వెనకోడు గోడకి కొట్టె, సేఫ్టీ కారొచ్చె. వెర్‌స్టాపెన్ పోయి కొత్త టైర్లేసుకొనె, హామిల్టన్ పోతే ముందు ప్లేసు పోతాదని పాత టైర్ల మీదే ఉండె. వాళ్లిద్దరి మధ్యలో రౌండు వెనకబడిన కార్లు ఐదు ఉంటే వాటిని మాత్రం ముందుకి పంపి, ఒకే ఒక్క రౌండు మిగిలినప్పుడు రేసు ఇడిసినారు. ఇంకేముంది, దాటేసె. నేను ఆ రాత్రి అన్నం తిన్లా సామీ. ఆ రేసు డైరెక్టర్‌ని తర్వాత తీసేసినారు గానీ కప్పు తిరిగొస్తాదా?

#6 వెర్‌స్టాపెన్_వీరాభిమాని

మళ్లీ మొదలెట్టావా సుబ్బూ, ఏ త్రెడ్‌లోకొచ్చినా ఇదే

#7 మోడరేటర్

2021 గురించి వేరే త్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే వందల పేజీలు కొట్టుకున్నారు. ఇక్కడ పద్మజ గారికి చెప్పండి. ఈ త్రెడ్ ఇక్కడే ఉంటుంది, వంటల్లోకి జరపను.

#8 సిద్దిపేట_నర్సింలు

నేనొకటి అడుగుతా, ఎవలు కోపం చేసుకోవద్దు. గుండ్రంగ తిరిగి తిరిగి పొయ్యిన కాడికే మళ్ల వస్తరు, దానికి గింత పెట్రోలు కాలవెట్టుడెందుకు? మా ఊళ్లె లీటరుకు ఎంతయితుందో ఎరుకేనా? దీన్ని స్పోర్ట్ అని ఎట్లంటరు, కూసునేటోడు కూసునే ఉంటడు, ఉరికేది కారు.

#9 డౌన్‌ఫోర్స్_దుర్గ

నర్సింలన్నా, కూర్చునేవాడి సంగతి ముందు చెప్తా. బ్రేకు తొక్కినప్పుడు, గట్టి మలుపుల్లో వాడి ఒంటి మీద దాదాపు 5జీ (ఒంటి బరువుకి ఐదింతల బలం) పడుతుంది, అంటే తల, హెల్మెట్ కలిపి ఆరేడు కిలోలనుకుంటే మెడ మీద ముప్పై కిలోలకి పైగా బరువు పక్కకి లాగుతున్నట్టు, అలా గంటన్నర. సింగపూర్‌లో ఉక్కకి ఒక్క రేసులో రెండు మూడు కిలోల బరువు తగ్గి దిగుతారు, అదంతా చెమటే. ఏసీ బస్సులో కూర్చోవడం కాదు అది.

పెట్రోలు విషయం. రేసు మొత్తానికి ఒక కారుకి 2025 వరకూ లిమిట్ 110 కిలోలు, మధ్యలో పోసుకోవడం 2010 నుంచే నిషేధం. ఎఫ్1 వాళ్లే 2019లో లెక్క చెప్పారు, మొత్తం కాలుష్యంలో ట్రాక్ మీద కార్లది 0.7 శాతమే. మిగతాది విమానాలు, సామాను రవాణా, ఫ్యాక్టరీలు. కాబట్టి మీరు తిట్టాలంటే కార్లని కాదు, ఏడాదికి ఇరవైకి పైగా ఊళ్లు ఆ సామానంతా మోసుకుని తిరగడాన్ని తిట్టండి. ఆ తిట్టు న్యాయమైనదే, నేనూ తిడతాను.

#10 సిద్దిపేట_నర్సింలు

0.7 నా? సరే తియ్. గని నేను ఇంక ఒప్పుకోలె.

#11 ఒంగోలు_గిత్త

పద్మజ గారూ, అసలు ఫార్ములా అంటే ఏంటో ఎవరూ చెప్పలేదు. మా వైపు బండలాగుడు పోటీలు జరుగుతాయి తెలుసుగా. పాలపళ్ల గిత్తలు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ పైన సీనియర్లు. పళ్లు చూసి విభాగం, విభాగానికో బండ బరువు, టైము ఇంత అని కమిటీ ముందే చెప్తుంది. రెండు పళ్ల గిత్తని తీసుకొచ్చి సీనియర్ల బండకి కట్టనివ్వరు. కార్ల రేసులో ఆ కట్టుబాటు పేరే ఫార్ములా. కారు పొడవెంత, బరువెంత, ఇంజనెంత అన్నీ రాసిపెట్టిన రూల్సు. రాసేది ఎఫ్ఐఏ అనే సంస్థ, అదే మన కమిటీ.

చిన్నప్పుడు గో కార్టుల్లో మొదలెడతారు, అవి పాలపళ్లు. తర్వాత ఎఫ్4, ఎఫ్3, ఎఫ్2, ఆఖర్న ఎఫ్1. కింద విభాగాల్లో గెలిచిన పాయింట్లు 40 పోగైతేనే ఎఫ్1 నడపడానికి కావాల్సిన సూపర్ లైసెన్స్, మామూలుగా 18 ఏళ్లు నిండాలి. 2015లో వెర్‌స్టాపెన్ 17 ఏళ్లకే ఎఫ్1లోకి వచ్చేసరికి అందరూ నోరెళ్లబెట్టి తర్వాత ఈ వయసు రూలు పెట్టారు. రోడ్డు మీద బండి నడిపే లైసెన్స్ రాకముందే రేసు నడిపాడు వాడు.

ఒక్క తేడా ఉంది. ఎఫ్2 దాకా అందరివీ ఒకే కంపెనీ చేసిన ఒకేలాంటి కార్లు. ఎఫ్1లో ఎవరి కారు వాళ్లే తయారు చేసుకోవాలి. అంటే గిత్తని కొనడం కాదు, ఇంట్లో పుట్టించి పెంచాలి.

#12 ఆస్టిన్_బాబాయ్

గిత్త ఉపమానం అదిరింది బ్రో. నేను టెక్సాస్‌లో ఉంటాను, మా ఇంటికి ఇరవై నిమిషాల్లో సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్, 2012 నుంచి అక్కడ ఎఫ్1 జరుగుతోంది. పద్మజ గారి అబ్బాయి అర్ధరాత్రి పన్నెండున్నరకి చూసేది మా ఊరి రేసే అయ్యుంటుంది, మాకు మధ్యాహ్నం రెండు. డాలస్ నుంచి తెలుగోళ్లు కార్లేసుకుని దిగిపోతారు, ఆ వీకెండ్ మా ఇంట్లో పులిహోర డబ్బాలే డబ్బాలు, బిర్యానీ ఎండకి పాడైపోతుందని మా ఆవిడ పులిహోరకే ఫిక్స్ అయింది.

డబ్బు సంగతి నేను చెప్తా. ఎఫ్1లో రెండు కప్పులు ఉంటాయి, డ్రైవర్‌కొకటి, టీముకొకటి. ఒక్కో టీముకి రెండు కార్లు, 2026లో కాడిలాక్ వచ్చాక 11 టీములు, 22 కార్లు. మొదటి పదిమందికి పాయింట్లు, 25, 18, 15, 12, 10, 8, 6, 4, 2, 1. టీవీలో మనం డ్రైవర్లని చూస్తాం గానీ ప్రైజ్ మనీ పంచేది టీముల కప్పులో వచ్చిన ప్లేసుని బట్టి. అందుకే ఏడో ప్లేసు ఎనిమిదో ప్లేసు కోసం కూడా ప్రాణాలు తీసుకుంటారు, ఒక్క ప్లేసుకి లక్షల డాలర్లు తేడా. పెద్ద టీముల్లో వెయ్యి మంది దాకా పని చేస్తారు, రెండు కార్ల కోసం!

ముందు ఎవడికెంత ఉంటే అంత ఖర్చు పెట్టేవాడు. 2021 నుంచి సీలింగ్ పెట్టారు, మొదటి ఏడాది 14.5 కోట్ల డాలర్లు (డ్రైవర్ల జీతాలు అందులోకి రావు). ఆ ఏడాదే రెడ్‌బుల్ లిమిట్ దాటిందని తేలి 70 లక్షల డాలర్ల ఫైన్, పైగా గాలి సొరంగంలో కారుని పరీక్షించుకునే టైములో కోత.

#13 కడప_సుబ్బు

టీము కప్పు అంటాండావు కదా బాబాయ్, దాని వల్లే వచ్చే తలనొప్పి కూడా చెప్పు. ఒకే టీములో ఇద్దరు డ్రైవర్లుంటారు, ఇద్దరూ కప్పు కొట్టాలనుకుంటారు. అన్నదమ్ములకి ఒకే బాయిలో నీళ్లు పంచినట్టు. 2025 మోంజాలో నారిస్ టైర్లు మార్చేటప్పుడు ఒక చక్రం ఇరుక్కొని ఆలస్యమాయె, దాంతో సొంత టీమోడే పియాస్త్రి ముందుకొచ్చె. టీమోళ్లు రేడియోలో పియాస్త్రికి చెప్పినారు, నాయనా ఆ ప్లేసు వాడికి ఇచ్చేయ్ అని. ఇచ్చినాడప్పా! నేనైతే రేడియో పని చేయలేదంటా. 2013లో మలేషియాలో వెట్టెల్ అట్లనే చేసె, దాటొద్దురా అన్నా వెబ్బర్‌ని దాటి గెలిచె.

#14 గాజువాక_పద్మజ

ఇద్దరన్నదమ్ములున్న ఇల్లు నాది, నాకు బాగా అర్థమైంది ఇది. ఇంకో డౌటు. వెనకున్నవాడి కారు అంత స్పీడైతే పక్కనుంచి దాటేయొచ్చు కదా, అంత సేపు వెనకాలే ఎందుకు వేలాడతాడు? మా ఆటో అబ్బాయి అయితే సందు లేకపోయినా దూరిపోతాడు.

#15 డౌన్‌ఫోర్స్_దుర్గ

ఇది నా సబ్జెక్టు, కొంచెం ఎక్కువ రాస్తా తిట్టుకోకండి. బస్సులో కిటికీ సీటులో చెయ్యి బయట పెట్టి ఆడిస్తాం కదా (కండక్టర్ తిట్టేదాకా). అరచెయ్యి ముందు అంచు కొద్దిగా పైకెత్తితే గాలి చేతిని పైకి లేపేస్తుంది. కిందకి వంచితే చెయ్యి కిందకి పోతుంది. విమానం రెక్క మొదటిది, రేసు కారు రెక్క రెండోది. ఆ రెక్కలూ, కారు అడుగుభాగం ఆకారమూ కలిసి గాలితో కారుని రోడ్డుకి అదిమేస్తాయి. ఎంత స్పీడు పోతే అంత అదుముతుంది, అందుకే మనం 60లో భయపడే మలుపులో వాళ్లు 250లో పోతారు. ఇదే డౌన్‌ఫోర్స్.

అయితే ముందు కారు గాలిని చీల్చి కలగాపులగం చేసి వదుల్తుంది. ఆ చెడిపోయిన గాలిలోకి వెనకవాడు వస్తే వాడి రెక్కలకి సరైన గాలి అందదు, మలుపులో కారు జారుతుంది, జారితే టైరు వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా జారుతుంది. తమాషా ఏంటంటే నేరు రోడ్డు మీద అదే గాలి వాడికి లాభం, హైవేలో లారీ వెనకాల బైకు పెడితే ఎదురుగాలి తగ్గుతుంది చూడండి, అలాగ. మలుపులో శత్రువు, నేరుగా ఉన్న చోట స్నేహితుడు. దాటాలంటే మలుపులో టైర్లు కాల్చుకోకుండా దగ్గరగా ఉండి, నేరు రోడ్డు రాగానే ఆ లాభం వాడుకోవాలి. దీనికి సాయంగా 2011 నుంచి 2025 దాకా డీఆర్ఎస్ అని ఉండేది, ఒక సెకను లోపు దూరంలో ఉంటే వెనక రెక్కలో ఒక పలక తెరుచుకునేది. 2026లో అది పోయింది, ఇప్పుడు అందరికీ ముందు రెక్కా వెనక రెక్కా రెండూ కదుల్తాయి, దాటడానికి కరెంటు పవర్ అదనంగా ఇస్తారు.

మీ ఆటో అబ్బాయిని మొనాకో పంపిస్తే ఆయనే గెలుస్తాడేమో, అక్కడ ట్రాక్ ఊరి వీధుల్లోనే ఉంటుంది, దాటే సందే ఉండదు. అందుకే అక్కడ శనివారం క్వాలిఫయింగే సగం రేసు. క్వాలిఫయింగ్ అంటే ఎవరి ఒక్క రౌండు ఎంత ఫాస్టో చూసి ఆదివారం ఎవరు ముందు నిలబడాలో తేల్చడం, మూడు విడతలు, మొదటి రెండు విడతల్లో వెనకబడ్డవాళ్లని తీసేస్తారు.

#16 సాగర్_గట్టు

నర్సింలన్నకి పెట్రోలు బాధ అయితే 2023 ఫిబ్రవరి 11 యాద్ చేయాలె. ఆ రోజు మన హుస్సేన్ సాగర్ పక్కకే ఫార్ములా ఈ రేసు అయింది, మొత్తం కరెంటు కార్లు, చుక్క పెట్రోలు లేదు. 2.83 కిలోమీటర్లు, 18 మలుపులు, ఎన్టీఆర్ మార్గ్, కొత్త సెక్రటేరియట్, ఐమాక్స్ అటు దిక్కు. రోజూ నేను ఆఫీసుకు పొయ్యే తొవ్వ అన్నట్టు. నేను స్టాండ్‌ల ఉన్న. నిజం చెప్తా, కండ్ల ముందటి నుంచి కారు పోతే రెండు సెకన్లు, మెడ తిప్పేలోపట మాయం, అడ్డం జాలీ కంచె ఒకటి, ఇగ మిగిలిన టైమంతా పెద్ద స్క్రీన్ చూసుడే. సప్పుడు చెవులు పగిలేటట్టు ఉంటదనుకున్న, ఈల ఏసినట్టు సుయ్‌మని పోతున్నయి అంతే.

కాని రేసు మస్తుండె. దాంట్ల టైర్లు మార్చే బాకీ ఉండదు, బ్యాటరీ బాకీ ఉంటది. ఫుల్లు స్పీడ్ మీద పోతే బ్యాటరీ ఆఖరి దాక రాదు, మధ్యమధ్యల కాలు తీసి, బ్రేకుల నుంచి కరెంటు మళ్ల లోపటికి నింపుకోవాలె. ఆఖరికి వెర్న్ ముందు, కాసిడీ వెనక. వెర్న్ బ్యాటరీల తక్కువ ఉంది, కాసిడీకి ఎక్కువ ఉంది, అందరికి స్క్రీన్ మీద కనవడుతుంది. జేబుల పది రూపాయలున్నోడు వంద రూపాయలున్నోణ్ని ఆపినట్టు ఆపిండు, అటు మూసి ఇటు మూసి, అర సెకను లోపటనే గెలిచిండు. నా పక్కకు ఒక పెద్దాయన, రేసు గురించి ఏం ఎరుక లేదు, మనవడు తోల్కొచ్చిండట, ఆఖరి రౌండుల ఆయనే కుర్చీ మీదికెల్లి లేచిండు.

తర్వాతి ఏడాది అయితదన్నరు, గవర్నమెంట్ మారింది, రేసు క్యాన్సిల్. దాని మీద రాజకీయం నేను మాట్లాడ, మోడరేటర్ కొడ్తడు.

#17 మోడరేటర్

కొడతా 🙂

#18 సిద్దిపేట_నర్సింలు

ఆ దినం నేను గా దిక్కే ట్రాఫిక్‌ల ఇరుక్కున్న. గిప్పుడు తెలుస్తుంది ఎవల కోసమో.

#19 ఆస్టిన్_బాబాయ్

మనవాళ్ల సంగతి కూడా రెండు ముక్కలు. ఎఫ్1లో మొదటి భారతీయుడు నరేన్ కార్తికేయన్, కోయంబత్తూరు, 2005లో జోర్డాన్ టీము. అదే ఏడాది ఇండియానాపొలిస్‌లో నాలుగో ప్లేసు. గొప్పగా చెప్పుకుంటాం గానీ ఆ రోజు ఉన్నది ఆరు కార్లే, మిషెలిన్ టైర్లు ఆ ట్రాక్ బ్యాంకింగ్‌కి (ఏటవాలు మలుపుకి) సురక్షితం కాదని మిగతా పద్నాలుగు మంది పక్కకి తప్పుకున్నారు. తర్వాత కరుణ్ చంధోక్. గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో 2011, 12, 13 మూడేళ్లు రేసు జరిగింది, మూడుసార్లూ వెట్టెలే, తర్వాత పన్నుల గొడవల్లో ఆగిపోయింది. మన తెలుగువైపు హైదరాబాద్ నుంచి అనిందిత్ రెడ్డి, ఇండియన్ రేసింగ్ లీగ్‌లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ టీము ఉంది, దాన్ని 2024లో నాగచైతన్య కొన్నాడు. తమిళ హీరో అజిత్ సొంత టీము పెట్టుకుని 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసులో దిగింది అందరికీ తెలుసు, ఆయన పుట్టింది సికింద్రాబాద్‌లోనే అని ఎంతమందికి తెలుసో మరి!

పిల్లాడిని రేసర్ని చేద్దాం అనుకునే పేరెంట్స్‌కి మాత్రం ఒక మాట. యూరప్‌లో ఎఫ్4 ఒక్క సీజన్‌కే కోట్ల రూపాయలు. హామిల్టన్ వాళ్ల నాన్న ఒకేసారి రెండు మూడు ఉద్యోగాలు చేశాడు, ఓకాన్ అమ్మానాన్నలు ఇల్లమ్మేసి బండిలోనే కాపురం పెట్టారు. గెలిచినవాళ్ల కథలే మనకి తెలుస్తాయి. ఇల్లమ్మి గెలవనివాళ్ల కథలు ఎవరూ చెప్పరు.

#20 గాజువాక_పద్మజ

అయ్యబాబోయ్, మావాడికి ఈ త్రెడ్ చూపించను. నెల్లూరు గారూ, మీరు ట్రాక్ పక్కనే నిలబడతారు కదా, భయం వెయ్యదా?

#21 నెల్లూరు_జెండా

మొదటిసారి కాళ్లు వణికినాయమ్మా. తెల్లారకముందే ట్రాక్ దగ్గర ఉండాల. ఆరెంజ్ ఓవరాల్ ఇస్తారు, మెడలో ఈల. మా పోస్టులో నలుగురు, ఇద్దరు జెండాలకి, ఒకరు వాకీటాకీ, ఒకరు మంటలార్పే సిలిండరు పక్కన. ఒకే ఒక రూలు పదిసార్లు చెప్తారు, కార్లు వచ్చే వైపుకి వీపు పెట్టొద్దని. నీళ్లు తాగినా అటే చూస్తా తాగాల. పసుపు జెండా అంటే ముందు ప్రమాదం, నెమ్మదించు, దాటొద్దు. నీలం అంటే నీ వెనక రౌండు ముందున్నోడు వస్తా ఉండాడు, దారి వదులు. ఎర్రది అంటే రేసు ఆపేస్తా ఉండాం. మధ్యాన్నం ఎండకి తారు మెత్తబడి బూట్లు అంటుకుంటా ఉంటాయి, సాంబారన్నం పొట్లం కూడా కంచె వైపు చూసుకుంటానే తినేది.

ఇంకోటి. టైరు నుంచి రబ్బరు ముక్కలు ఊడి మలుపు బయటి అంచున పోగు పడతాయి, మినప గింజంత నుంచి చిటికెన వేలంత దాకా. మార్బుల్స్ అంటారు. రేసు అయినాక ఊడ్చేటప్పుడు ఒక పిడికెడు తీసుకుని టిఫిన్ డబ్బాలో వేసుకొచ్చినా. ఇంకా వేడిగానే ఉండాయి, పట్టుకుంటే వేలికి అతుక్కుంటా ఉండాయి. మా పాప వాటిని బంకమట్టి అనుకుని బొమ్మ చేసింది. రేసు లైనులో కాకుండా ఆ ముక్కల మీదకి కారు పోతే గోళీల మీద కాలేసినట్టే, జర్రున జారతాది.

#22 డౌన్‌ఫోర్స్_దుర్గ

ఆ ముక్కలు అనగానే 2024 స్పా చెప్పకుండా ఉండలేను. బెల్జియం, 44 రౌండ్లు. అందరూ రెండుసార్లు టైర్లు మారుద్దాం అనుకున్నారు. మెర్సిడెస్ రస్సెల్ పదో రౌండులో ఒకసారి మార్చి, ఇక మార్చను, ఇవి ఆఖరి దాకా వస్తాయి అన్నాడు. 34 రౌండ్లు అవే టైర్ల మీద! వెనకనుంచి కొత్త టైర్లతో హామిల్టన్ తరుముకొచ్చాడు, అర సెకను దగ్గరికొచ్చాడు, దాటలేకపోయాడు. రస్సెల్ గెలిచాడు, కప్పు ఎత్తాడు, షాంపేన్ చల్లాడు.

తర్వాత కారు తూకం వేశారు. అప్పటి రూలు ప్రకారం కారూ డ్రైవరూ కలిపి, పెట్రోలు తీసేసి, కనీసం 798 కిలోలు ఉండాలి. లోపలున్న 2.8 లీటర్లు తీసి తూస్తే 796.5. ఒకటిన్నర కిలో తక్కువ. గెలుపు పోయింది, హామిల్టన్‌కి ఇచ్చేశారు. అంతసేపు అవే టైర్లు అరగ్గొట్టడం వల్ల పోయిన రబ్బరు కూడా ఒక కారణం అయ్యుంటుందని టీమే చెప్పింది. మామూలుగా రేసయ్యాక డ్రైవర్లు నెమ్మదిగా ఒక రౌండు తిరుగుతూ కావాలనే ఆ మార్బుల్స్ మీద తొక్కిస్తారు, వేడి టైర్లకి అతుక్కుని బరువు పెరుగుతుందని. స్పాలో రేసవ్వగానే అక్కడే వెనక్కి తిప్పి పిట్‌లోకి పంపేస్తారు, ఆ రౌండు ఉండదు.

#23 ఒంగోలు_గిత్త

తూకంలో పోయింది అది. 2025 లాస్ వెగాస్‌లో మందంలో పోయింది. కారు అడుగున ఒక చెక్కలాంటి పలక ఉంటుంది, 10 మిల్లీమీటర్లు, రేసయ్యాక 9కి తగ్గకూడదు. మెక్‌లారెన్ రెండు కార్లకీ వెంట్రుకవాసి తగ్గింది, ఇద్దరినీ తీసేశారు. నారిస్‌కి రెండో ప్లేసు 18 పాయింట్లు గల్లంతు. చివరికి ఆ ఏడాది కప్పు నారిస్సే కొట్టాడు, వెర్‌స్టాపెన్ మీద రెండంటే రెండు పాయింట్ల తేడాతో, అప్పటిదాకా టీములో ఎంతమందికి నిద్ర పట్టిందో.

#24 గాజువాక_పద్మజ

వారం తర్వాత వచ్చాను, సారీ అండీ, ఇంట్లో పెళ్లి పనులు. మొన్న రాత్రి మావాడి చేత ఆ స్పా రేసు రీప్లే పెట్టించాను, దుర్గ గారు రాసిన దాన్నిబట్టి ఏమయ్యిందో నాకు ముందే తెలుసు గానీ వాడికి చెప్పలేదు, నాకేం తెలీనట్టే కూర్చున్నా. హామిల్టన్ రెండోసారి టైర్లకి వెళ్లి వచ్చాడు. అప్పుడన్నాను, "ఒరేయ్, ఇతను బాకీ మొత్తం కట్టేశాడు, ఆ ముందున్నతను రెండోది ఎగ్గొట్టేలా ఉన్నాడే" అని. వాడు పాప్‌కార్న్ నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయి నా మొహం చూశాడు. రేసు అయిపోయి అందరూ కౌగిలించుకుంటుంటే "ఎగ్గొట్టింది తూకంలో వసూలు చేస్తారు చూడు" అన్నా. ఎవరు చెప్పారమ్మా నీకు అని మూడుసార్లు అడిగాడు. చెప్పలేదు.

ఇంకా నాకు వాన పడినప్పుడు ఏం చేస్తారో తెలీదు, ఆకుపచ్చ గీత టైరు, నీలం గీత టైరు అని వాడేదో అంటున్నాడు.

#25 నెల్లూరు_జెండా

ఆకుపచ్చ తడి రోడ్డుకి, నీలం కుండపోతకి. ఎండకైతే ఎరుపు మెత్తది, గబగబా అరుగుతాది, పసుపు మధ్యరకం, తెలుపు గట్టిది. వాన రేసు వస్తే ముందే చెప్పండమ్మా, అందరం ఇక్కడే కూర్చుని మాట్లాడుకుంటా చూద్దాం. వానలో బాకీ లెక్కలన్నీ తలకిందులైపోతాయి.

#26 సిద్దిపేట_నర్సింలు

గా ఆస్టిన్ రేసు పన్నెండున్నర అన్నరు గదా, అది ఆదివారం రాత్రా, శనివారం రాత్రా? ఊకెనే అడుగుతున్న.